మాస్టారు ముట్టుకోని కప్పు

మాస్టారు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను కొట్లో ఒక కప్పుకి పేరుబిళ్ళ బిగిస్తున్నాను. గవర్నర్‌పేటలో మాది ఆటల సామాన్ల కొట్టు. బ్యాట్లు, నెట్లు, షీల్డులు, కప్పులు అమ్ముతాం. ఫోన్లో మాస్టారి భార్య గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారమ్మా, అంతే. మాలో ఎక్కువసేపు ఉంచరు. పొద్దుగుంకే లోపల అయిపోవాలి. నువ్వు రాగలిగితే రా" అన్నారు. షట్టరు దించమని మా ఆయనకి చెప్పి అలాగే బయలుదేరాను.

దారిలో ఆటో ఆపించి నా నడుం దాకా వచ్చే బంతిపూల దండ కొన్నాను. మన చేతులకి అలవాటైన పని అది. పెద్దవాళ్ళు పోతే దండ తీసుకెళ్తాం. మాస్టారి భార్య గుమ్మంలోనే ఆపి, "దండ అరుగు మీద పెట్టెయ్యి తల్లీ. ఆయనకి వద్దు" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పోయినా మాస్టారు మాస్టారే. పూలు లేవు, డప్పులు లేవు. తెల్లటి బట్టలో ఆయన్ని దించారు. ఆయన దగ్గర ఆడినవాళ్ళం, ఇప్పుడు జుట్టు నెరిసిపోయిన ఆడపిల్లలం, వరసలో నిలబడి మట్టి వేశాం.

ఆ తర్వాత మా పాత ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపులో విగ్రహం మాట లేచింది. గ్రౌండు గేటు పక్కన మాస్టారి నిలువెత్తు కంచు విగ్రహం పెట్టాలని, మెళ్ళో విజిల్ కూడా ఉండాలని. మన జిల్లాలో ఏ కూడలిలో చూసినా ఎవరో ఒకరు వేలు చూపిస్తూ నిలబడే ఉంటారు కదా, మన మాస్టారికి ఏం తక్కువ అని వాళ్ళ బాధ. నేను వద్దన్నాను. అందరూ నా మీద విరుచుకుపడ్డారు. అందులో సగం మంది నా తర్వాత బ్యాచ్‌లవాళ్ళు, వాళ్ళకి కప్పు సంగతి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. మీరూ చదవండి.

మాది కంకిపాడు దాటాక ఒక ఊరు. వరి, చెరకు, కాలవ. మా హైస్కూలుకి మాస్టారు డ్రిల్లు మాస్టారిగా వచ్చారు. ఏటి అవతలి ఊరి మనిషి, మా పొలాల అవతల ఇల్లు అద్దెకి తీసుకుని ఉండేవారు. పుట్టుకతో తెలుగువాడే, మాటంతా మన మాటే. కానీ వాళ్ళది యూదు సంప్రదాయం పాటించే కుటుంబం. అటువైపు అలాంటి ఇళ్ళు ఏవో కొద్ది ఉన్నాయట. మా ఊళ్ళో ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు. గుడికి రాడు, చర్చికి పోడు, మసీదుకి పోడు. శుక్రవారం సాయంత్రం పొద్దు వాలుతుంటే లూనా ఎక్కి ఇంటికి పరిగెడతాడు. శనివారం వాళ్ళకి ఏ పనీ చెయ్యకూడని రోజట, గ్రౌండుకి రాడు. శనివారం ప్రాక్టీసు కెప్టెన్ చూసుకోవాలి. టెన్త్‌లో ఆ కెప్టెన్ని నేనే.

మేం ఆడేది బాల్ బ్యాడ్మింటన్. పచ్చటి ఉన్ని బంతి, చెక్క బ్యాటు, జట్టుకి ఐదుగురు. ఆడపిల్లలకి ఆట నేర్పుతానని వచ్చిన మొదటి మాస్టారు ఆయనే. మా నాన్నలు ఒప్పుకున్నది ఆయన్ని చూసే. పొరుగూరు ఆడటానికి వెళ్తే మమ్మల్ని లెక్కపెట్టి బస్సు ఎక్కించి, ఒక్కొక్కరినీ గుమ్మం దాకా దింపి గానీ ఆయన ఇంటికి వెళ్ళేవారు కాదు. "మేష్టారు వస్తేనే పంపిస్తాం" అన్నది మా ఊళ్ళో చట్టం.

ఆయన గుమ్మానికి కుడివైపు వేలెడు చెక్క గొట్టం బిగించి ఉండేది. లోపలికి వెళ్తూ దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళని పెదాలకి ఆనించుకునేవారు. ఒకసారి నేను పట్టుకున్నాను. "మీరు దేనికీ దణ్ణం పెట్టరంటారు, మరి గుమ్మానికి పెడుతున్నారేంటి సార్?" అని. "దణ్ణం కాదమ్మాయ్. అందులో చిన్న కాగితం మీద మా మాటలు రాసుంటాయి. ఇంట్లోకి వెళ్ళేటప్పుడు మనిషిలా వెళ్ళమని గుర్తుచేసుకుంటున్నా" అన్నారు. ఇంటికి పోయి మా నాయనమ్మకి చెబితే, "మన గడపకి పసుపు రాసేది కూడా అందుకేగా" అంది. ఆవిడకి అప్పటికే మాస్టారంటే గురి.

బొమ్మల విషయంలో మాత్రం మాస్టారు గట్టిమనిషి. చెక్కిన బొమ్మని చేసుకోకూడదు, దాని ముందు వంగకూడదు అన్నది వాళ్ళకి అన్నింటికన్నా ముందు నేర్పే మాటల్లో ఒకటి. ఫోటో అయితే పరవాలేదు. క్యాలెండరు పరవాలేదు. నిండుగా మనిషి ఆకారంలో ఉన్న బొమ్మ దగ్గరే పేచీ. చిన్న చిన్న టోర్నమెంట్లలో మాకు ఇచ్చే కప్పుల మీద బంగారు రంగు బొమ్మలు ఉంటాయి కదా, ఆయన ఆకురాయి తీసి ఆ బొమ్మ చెవి కొస కొంచెం అరగదీసేవారు. మేం గోల పెట్టేవాళ్ళం. "మా తాత కూడా అంతేనమ్మా. లోపం ఉంటే అది బొమ్మ. లోపం లేకపోతే జనం దాన్ని ఊరికే ఉండనివ్వరు" అనేవారు. మాకు నవ్వుగా ఉండేది. తర్వాత చూస్తే మా ఊరు ఆ మాటని అక్షరాలా నిజం చేసింది.

నేను తొమ్మిదిలో ఉండగా మేం విజయవాడ వెళ్ళి పెద్ద టోర్నమెంటు గెలిచాం. అది రోలింగ్ కప్పు. ఏడాది మన దగ్గర ఉంచుకుని మళ్ళీ ఏడు తెచ్చి అప్పజెప్పాలి. రెండు చెవుల పెద్ద కప్పు, దాని మూత మీద జానెడు బొమ్మ. రెక్కలున్న ఆడమనిషి, ఒక చేతిలో దండ, రెండో చెయ్యి ముందుకి చాచి, పాదాల దాకా చీరలాంటి గుడ్డ. "ఇది మనది కాదు, గీత పడినా మాటొస్తుంది" అని మాస్టారు దాని జోలికి పోలేదు.

ట్రాక్టరు మీద ఊళ్ళోకి దిగేసరికి నాయనమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో ఎదురొచ్చింది. మాకు దిష్టి తీసింది. తర్వాత తలెత్తి కప్పు మీది బొమ్మని చూసింది. చెయ్యి ఆగింది. "అమ్మ తల్లే! రెక్కలు కట్టుకుని వచ్చింది" అని కర్పూరం వెలిగించి దానికీ హారతి ఇచ్చింది. మిగతా ఆడవాళ్ళు కళ్ళకద్దుకున్నారు. ఎవరో పరిగెత్తుకుని వెళ్ళి మందారాలు తెచ్చారు. మాస్టారు ట్రాక్టరు దిగి ఒక్కరే స్కూలు వైపు నడిచి వెళ్ళిపోవడం నేను చూశాను.

అంతటితో పోయేదే. కానీ ఆ ఏడు కాలవ చివరి భూములకి నీళ్ళు అందక నారుమళ్ళు ఎండుతున్నాయి. కప్పు వచ్చిన మర్నాడు తెల్లారేసరికి కాలవ నిండా నీళ్ళు! పైన ఏ లాకు దగ్గర ఏ ఆఫీసరు గేటు ఎత్తాడో ఎవరికి కావాలి? రెక్కల అమ్మవారు తెచ్చింది, అంతే. ఇక ప్రతి శుక్రవారం హెడ్మాస్టరు గదిలో బీరువా మీద ఉన్న కప్పుకి పూజ. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. హెడ్మాస్టరుగారు పాపం, కొబ్బరి నీళ్ళు రికార్డుల మీద పడకుండా పక్కకి లాగుకోవడం తప్ప నోరెత్తలేదు.

ఆ రోజు నుంచి మాస్టారు ఆ గదిలో అడుగుపెట్టలేదు. హాజరు సంతకం కిటికీ బయట నిలబడి పెట్టేవారు. వానొచ్చినా అంతే, గొడుగు ఒక చేత్తో, పెన్ను ఒక చేత్తో. ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరైనా అడిగితే, "వాళ్ళ పూజ వాళ్ళది. నాకు అక్కడ నిలబడే వీల్లేదు, అంతేనండి" అనేవారు. ఊళ్ళో కొందరు మూతులు ముడిచారు. మన అమ్మవారికి మొహం చాటేస్తున్నాడని గొణిగారు. ఆయన మాత్రం పొద్దున్నే గ్రౌండులో సున్నం గీతలు వేస్తూ, "గెలిచింది మీ కాళ్ళు. దణ్ణం పెట్టాలనిపిస్తే కాళ్ళకి నువ్వులనూనె రాసుకోండి" అని మాకు జోకులు చెప్పేవారు.

మళ్ళీ టోర్నమెంటు దగ్గరపడింది. మాకు టెన్త్. గెలిచినా ఓడినా అదే ఆఖరు, ఆ తర్వాత సగం మందికి ఇంట్లో సంబంధాలు చూస్తారని అందరికీ తెలుసు. కప్పు తీసుకుని విజయవాడ రావాలని కబురొచ్చింది. ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. అమ్మవారిని ఊరు దాటించేది లేదన్నారు. అది ఒక గొడవ. రెండో గొడవ అంతకన్నా పెద్దది. మాస్టారు మమ్మల్ని నెట్టు దగ్గర కూర్చోబెట్టి చెప్పారు.

"నేను రాలేనమ్మా. ఏ కప్పయినా మొయ్యగలను, పూజలందుకునే కప్పుని మాత్రం ముట్టుకోలేను. దానికోసం మిమ్మల్ని ఆడించి, గెలిపించి, మళ్ళీ తెచ్చి ఆ బీరువా మీద పెట్టడం నావల్ల కాదు. వేరే మాస్టారిని చూసుకోమని హెడ్మాస్టరుగారికి చెప్పాను."

వేరే మాస్టారు ఎవరు? ఉన్నా మా నాన్నలు పంపరు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క బొమ్మ కోసం మమ్మల్ని ముంచుతారా సార్?" అని అడిగేశాను. ఆయన తల వంచుకున్నారు. కళ్ళల్లో నీళ్ళు చూసి బ్యాటు అక్కడే వదిలేశాను. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది. అరుగు మీద కూర్చుని వక్క నోట్లో వేసుకుని సూటిగా అడిగింది.

"ఏంటి మేష్టారూ, మా అమ్మోరు మీకేం చేసిందయ్యా?"

"ఏం చెయ్యలేదు మామ్మగారూ. మీ నమ్మకాన్ని నేను తప్పు పట్టను. మా పెద్దలు పెట్టిన హద్దు నేను దాటలేను."

"మరి చిన్న కప్పుల మీద బొమ్మలకి చెవులు అరగదీస్తావంటగా. దీనిక్కూడా గీకెయ్యి. మేం ఏమనుకోం."

మాస్టారు నవ్వారు. "అదే చిక్కు మామ్మగారండీ. అవి వట్టి బొమ్మలు. ఇది ఇప్పుడు దేవత. ఒకసారి మొక్కినదాన్ని మావాళ్ళు ఎంత గీకినా చెల్లదు. మొక్కినవాళ్ళే అది దేవత కాదనుకుని, తమ చేత్తో తాము కొంచెం విరిచేస్తే అప్పుడు మళ్ళీ వట్టి బొమ్మ అవుతుందని మా పాత పెద్దల మాట. అది మిమ్మల్ని చెయ్యమని నేను అడగను. అడగకూడదు కూడా. మీరు కళ్ళకద్దుకున్నదాన్ని విరవమని అడిగే మనిషిని కాదు నేను."

నాయనమ్మ వక్కని పక్క బుగ్గకి తోసింది. "అంటే మేం పొమ్మంటే పోద్దన్నమాట."

"మా లెక్కలో అంతే."

"మా లెక్కలోనూ అంతేగదయ్యా!" అంది నాయనమ్మ. "చవితికి మట్టి వినాయకుడిని తెచ్చి కూర్చోబెడతాం. ఉండ్రాళ్ళు పెడతాం. ఉద్వాసన చెప్పి కాస్త పక్కకి జరిపామంటే ఇక మట్టేగా? కాలవలో కలిపేస్తాం. ఆయన ఏమన్నా అలిగాడా? మళ్ళీ ఏడు రాడా? ఇంత చిన్న సంగతికి ఏడాదిపాటు కిటికీలోంచి సంతకాలు పెట్టావా, పిచ్చి మేష్టారూ?"

 

ఆ శుక్రవారం నాయనమ్మ పొంగలి వండి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళందరూ వచ్చారు. పూజ మామూలుగానే జరిగింది. అయ్యాక ఆవిడ కప్పు ముందు నిలబడి, "మంత్రం నాకు రాదు, మాటొచ్చు" అని మొదలుపెట్టింది. "అమ్మా, వచ్చావు, నీళ్ళిచ్చావు, సంతోషం. ఇహ నీ చోటికి నువ్వు వెళ్ళిరా తల్లీ. పిల్లల్ని ఆడుకోనీ." కప్పుని రెండు చేతులా పట్టుకుని ఉత్తరం వైపుకి జరిపింది. బొడ్లోంచి అడకత్తెర తీసింది. ఆవిడ ఎప్పుడూ వక్కలు కత్తిరించుకునే అడకత్తెరే. బొమ్మ చాచిన చేతి వేళ్ళ కొసలు అందులో పెట్టి నొక్కింది. మెత్తటి లోహం, టక్కున తెగింది.

 "పిన్నీ, పాపం కాదూ?" అంది ఒకావిడ సన్నగా.

"ఎవరికి పాపం? అమ్మ వెళ్ళిపోయింది. ఇది వట్టి రేకు. భిన్నమైన బొమ్మకి పూజ చెయ్యకూడదని మీ అత్త నీకు చెప్పలేదా? రేపటి నుంచి ఎవరన్నా దీనికి కొబ్బరికాయ కొట్టారంటే ఆ చిప్ప నేను పట్టుకుపోతా" అంది నాయనమ్మ. ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. పొంగలి పంచుకుని తిన్నారు.

నేను పొలం గట్ల మీద పడి పరిగెత్తాను. పొద్దు వాలితే మాస్టారు పని మాటలు మాట్లాడరు. నేను వెళ్ళేసరికి ఆయన భార్య దీపాల కుందులు తుడుస్తున్నారు. ఆయన స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని ఉన్నారు. రొప్పుతూ చెప్పాను.

"ఆవిడంతట ఆవిడే చేసిందా?"

"అవును సార్."

"ఎవరూ బలవంతం చెయ్యలేదుగా?"

"మా నాయనమ్మని బలవంతం చేసేవాళ్ళు ఇంకా పుట్టలేదు సార్."

ఆయన గుమ్మాన్ని పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఆదివారం పొద్దున ఐదింటికి గ్రౌండులో ఉండండి. నీ బ్యాక్‌హ్యాండ్ పాడైపోయింది, కిటికీ దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నా" అన్నారు.

విజయవాడలో ఏం జరిగిందో మా బ్యాచ్‌లో ఎవరిని అడిగినా చేతులు ఊపుతూ చెబుతారు. కప్పు అప్పజెప్పేటప్పుడు నిర్వాహకుల్లో ఒకాయన బొమ్మని అటూ ఇటూ తిప్పి, "వేళ్ళు ఏమైనయ్యండీ?" అన్నాడు. మాస్టారు జవాబు చెప్పేలోపే వెనకనుంచి, "నేనే కత్తిరించా. ఏం?" అని వినబడింది. నాయనమ్మ! తనూ వస్తానని బస్సెక్కి వచ్చింది మరి. ఆ నిర్వాహకుడు కళ్ళజోడు సర్దుకుని రసీదు రాసిచ్చాడు.

ఫైనల్లో మా ఎదుట నగరంలోని పెద్ద స్కూలు పిల్లలు. మొదటి గేమ్ మాది. రెండోది వాళ్ళది. మూడోదాంట్లో చాలా వెనకబడ్డాం. మాస్టారు గీత అవతల గొంతుక్కూర్చుని ఒకటే మాట అంటున్నారు. "కప్పు వైపు చూడకండి. బంతి. బంతి. బంతి." చూడలేదు. ఒక్కో పాయింటూ లాక్కున్నాం. మా వెనక వరస పిల్ల నేల మీద పడి లేపిన బంతిని వాళ్ళు తిప్పికొడితే, దాన్ని నేను నెట్టుకి ఆనించినట్టుగా అవతల పడేశాను. అది దొర్లి ఆగింది. తర్వాత నాకేం వినబడలేదు, నా గొంతు తప్ప.

స్టేజీ మీద కప్పు నా చేతికి ఇచ్చారు. మెట్లు దిగి తిన్నగా మాస్టారి దగ్గరకి వెళ్ళాను. ఆయన అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు. రెండు చెవులూ పట్టుకుని ఎత్తారు. "ఓరి దేవుడా, ఇంత బరువా! కిటికీలోంచి చూస్తే తెలియలేదు" అన్నారు. మేం ఐదుగురం ఆయన చుట్టూ గెంతుతున్నాం. నేనిప్పటికి ఎన్ని వేల కప్పులు అమ్మానో నాకే తెలియదు. అంత ఆనందంగా ఒక కప్పుని పట్టుకున్న చేతులు మాత్రం మళ్ళీ చూడలేదు.

గేటు బయట చెరకు రసం బండి ఉంది. ఎండ మండుతోంది. మాస్టారు కప్పు మూత తీశారు. లోపలికి తొంగిచూసి, "కప్పంటే తాగేదే కదమ్మా, ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదేం?" అన్నారు. కుళాయి కింద రెండుసార్లు కడిగారు. బండివాడు ఇంతింత కళ్ళు చేసుకుని చెరకు గడలు తిప్పాడు. అల్లం, నిమ్మకాయ వేసి కప్పు నిండా పట్టాడు. మాస్టారు వాళ్ళ ప్రార్థనల భాషలో ఏదో రెండు ముక్కలు మెల్లగా అనుకుని, ముందు నాయనమ్మకి అందించారు.

నాయనమ్మ ఎవరి ఎంగిలీ తాగదు, తన ఎంగిలి ఎవరికీ పెట్టదు. గ్లాసైనా చెంబైనా ఎత్తి పోసుకోవడమే. ఆ అలవాటుతోనే కప్పు రెండు చెవులూ పట్టుకుని, మోచేతులు వణుకుతుంటే, నెత్తి మీదకి ఎత్తింది. తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. రసం కొంత నోట్లో, కొంత గడ్డం మీదుగా రవికె మీదకి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, గెలిచింది ఈ ముసలమ్మే అనుకుని చప్పట్లు కొట్టారు. పక్కన మాస్టారు ఒక చేత్తో ఆవిడ మోచేతికి సాయం పట్టుకుని నిలబడ్డారు. రెండో చేతిలో కప్పు మూత, దాని మీద వేళ్ళు లేని రెక్కల మనిషి. ఆయన దాన్ని మామూలు గిన్నె మూత పట్టుకున్నట్టు పట్టుకుని, "నిదానం మామ్మగారూ, నిదానం, పిల్లలక్కూడా ఉంచండి" అని పగలబడి నవ్వుతున్నారు.